మొదటి ఫారం నేను రాశాను, రెండోది అక్క చెప్పింది: గుంటూరు నుంచి ఒక ఫెలోషిప్ కేసు

బస్తీల్లో, పల్లెల్లో పిల్లల కోసం ఏదో ఒకటి చేస్తుండేవాళ్లకి ఫారాలు నింపడంలో సాయం చేయడం నా పని. గ్రాంట్ ప్రపోజల్స్, ఫెలోషిప్ అప్లికేషన్లు, ఏడాది చివర రిపోర్టులు, అన్నీ. చాలా కేసుల్లో రాసుకోవాల్సినంత ఏమీ ఉండదు: వచ్చారు, నింపాం, వచ్చింది లేదా రాలేదు. ఇది మాత్రం రాసి పెట్టాలనిపించింది, ఎందుకంటే ఇందులో ఒక తప్పు పూర్తిగా నాది, అదీ నేను బ్రహ్మాండంగా చేస్తున్నాననుకున్న చోటే జరిగింది.

ఆమెని ఇక్కడ అక్క అనే రాస్తాను, నేను పిలిచేదీ అలాగే. వార్డు, కోల్డ్ స్టోరేజీ, పిల్లల వివరాలు మార్చాను లేదా తీసేశాను. ఏళ్లు మాత్రం మార్చలేదు, మారిస్తే పథకాల లెక్క కుదరదు. రాసిందంతా అక్కకి చదివి వినిపించాను. రెండు చోట్ల తీసేయమంది, తీసేశాను. ఒకచోట నేనే తీసేద్దామంటే "ఉంచమ్మాయ్, చేసింది చేసినట్టు ఉండనీ" అంది. అది ఎక్కడో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

నేపథ్యం

గుంటూరు మిర్చి యార్డు గురించి ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ఆసియాలోనే అతి పెద్ద మిర్చి మార్కెట్లలో ఒకటని ప్రతి సీజన్‌లోనూ పేపర్లో చదువుతాం, ఇన్ని లక్షల టిక్కీలు (మిర్చి బస్తాలు) వచ్చాయి, తేజ రకం ఇంత పలికింది అని. పేపర్లో రానిది యార్డు చుట్టుపక్కల షెడ్లలో, కోల్డ్ స్టోరేజీల దగ్గర జరిగే పని. ఆడవాళ్లు వరసగా కూర్చుని కాయలకి తొడిమలు తీస్తారు, తాలు ఏరతారు. కూలి కిలోల లెక్కన. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పని ఊపు మీదుంటుంది. పల్నాడు నుంచి, ప్రకాశం వైపు నుంచి కుటుంబాలు వచ్చి దిగుతాయి. సరిగ్గా అవే బడుల్లో చివరి పరీక్షల నెలలు.

పిల్లల్ని ఎక్కడ వదులుతారు? వెంట తెచ్చుకుంటారు. కూలి కిలోల లెక్క కాబట్టి పక్కన కూర్చున్న పిల్ల ఊరికే కూర్చోదు, తనూ నాలుగు కాయలు గిల్లి తల్లి గంపలో వేస్తుంది. ఆ పిల్లని ఎవరూ పనికి పెట్టుకోలేదు, ఎవరి పద్దులోనూ పేరుండదు. తల్లి కిలోల్లో కలిసిపోతుంది. అందుకే ఎవరైనా వచ్చి "ఇక్కడ పిల్లలు పనిచేస్తున్నారా?" అని అడిగితే మేస్త్రి దగ్గర్నుంచి తల్లి దాకా అందరూ లేదనే అంటారు, అబద్ధమాడుతున్నామని కూడా అనుకోరు.

అక్క పన్నెండేళ్లు తొడిమలు తీసింది. చదువు పదో తరగతి. తర్వాత డ్వాక్రా గ్రూపు లీడరు, మెప్మా (పట్టణాల్లో పేదరిక నిర్మూలన చూసే ప్రభుత్వ సంస్థ) కింద బస్తీ సమాఖ్యలో ఒక విడత లెక్కలు చూసింది. 2019 సీజన్‌లో ఒక కోల్డ్ స్టోరేజీ వెనక పాత గోతాలు పడేసే గదిని అడిగి తీసుకుని, తనతో పనిచేసే వాళ్ల పిల్లల్ని అందులో కూర్చోబెట్టడం మొదలుపెట్టింది. రిజిస్ట్రేషన్ లేదు, పేరు లేదు. అందరూ "అక్క గది" అంటారు.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు గుమ్మం దగ్గర ఒక స్టీలు గిన్నెలో వేరుశెనగ నూనె, పక్కన సబ్బు ముక్క, బకెట్‌లో నీళ్లు ఉన్నాయి. వచ్చిన పిల్ల వచ్చినట్టు గిన్నెలో వేళ్లు ముంచి, రెండు చేతులూ గోళ్ల సందుల దాకా రుద్దుకుని, సబ్బు పెట్టి, ఆ తర్వాత నీళ్లతో కడుక్కుని లోపలికి వెళ్తోంది. అదేదో ఆచారమనుకున్నాను. తర్వాత అక్క చెప్పింది. మొదటి ఏడాది పిల్లలు మిర్చి చేతులతోనే వచ్చి కూర్చునేవాళ్లు, కళ్లు నులుముకుని ఏడ్చేవాళ్లు, నీళ్లతో కడిగితే మంట ఇంకా పాకేది. కారం నీళ్లకి వదలదు, నూనెకి వదులుతుంది. మిర్చిలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది అని సైన్స్ పుస్తకంలో ఉంటుంది, అక్కకి ఆ పేరు తెలియదు. ఇంట్లో కారం దంచాక చేతులకి నూనె రాసుకునే అలవాటుని గుమ్మం దగ్గరికి తెచ్చింది. అంతే. ఆ గిన్నె పెట్టాక పిల్లలు గదిలో ఉండే సేపు పెరిగింది. ముందు అరగంటకే మంటలని తల్లి దగ్గరికి పరిగెత్తేవాళ్లు.

ఈ సంగతి నేను విన్నాను, నవ్వుకున్నాను, నోట్సులో రాసుకోలేదు. కేసు మొత్తంలో పెద్ద పొరపాటు ఇదేనని ఇప్పుడనిపిస్తుంది.

ఇంకోటి, ఎర్ర అట్ట పద్దు పుస్తకం. రోజూ ఒక్కో పిల్ల పేరుకి ఎదురుగా ఒక అక్షరం. "బ" అంటే బడికి వెళ్లి వచ్చింది, "యా" అంటే యార్డుకి వెళ్లింది, "ఊ" అంటే ఊరెళ్లింది, "జ" అంటే జ్వరం. 2020 మార్చి చివర లాక్‌డౌన్ పడ్డాక పేజీలన్నీ ఖాళీ, కానీ తేదీలు మాత్రం వరసగా వేసి ఉన్నాయి. ఎందుకని అడిగితే "మళ్లీ మొదలైతే ఎన్నాళ్లు పోయిందో తెలియాలిగా" అంది. ఇది కూడా నేను అప్పుడు పట్టించుకోలేదు.

సమస్య ఎలా వచ్చింది

2023 వర్షాకాలంలో అక్క ఫోన్ పట్టుకుని వచ్చింది. మరిది కొడుకు ఏదో వాట్సాప్ గ్రూపులో చూసి, పిల్లల కోసం, కుటుంబాల కోసం పనిచేసే నాయకులకి ఫెలోషిప్ అని చెప్పి ఫారం సగం నింపేశాడు. చూస్తే అది అమెరికాలో కెల్లాగ్ ఫౌండేషన్ వాళ్ల కమ్యూనిటీ లీడర్‌షిప్ నెట్‌వర్క్. మిషిగన్, మిసిసిపి, న్యూ మెక్సికో, న్యూ ఆర్లియన్స్ లాంటి, ఆ ఫౌండేషన్ పనిచేసే ప్రాంతాల నాయకుల కోసం పెట్టింది. కుర్రాడు రాష్ట్రం అన్న గడిలో ఆంధ్రప్రదేశ్ దొరక్క మిసిసిపి నొక్కాడు. నవ్వు ఆపుకోలేకపోయాను, అక్కకి కోపం వచ్చింది. "మూడు వారాలు కూర్చున్నాడు మేడం వాడు" అంది. అప్పటికి నేనింకా మేడమే.

తర్వాత ఇంకో రెండు చూశాం. ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా లాంటివాటికి డిగ్రీ ఉండాలి, వయసు 21 నుంచి 32 మధ్య. అక్కడ అక్కకి ఒక విషయం విడమరిచి చెప్పాల్సి వచ్చింది. ఫెలోషిప్ అన్న ఒకే మాట కింద రెండు రకాల సరుకు ఉంది. ఒకటి చదువుకున్న కుర్రాళ్లని ఏడాదో రెండేళ్లో ఊళ్లలోకి పంపేది. రెండోది ఊళ్లో ఇప్పటికే పనిచేస్తున్న మనిషిని పట్టుకుని, ఆ మనిషికి డబ్బు, శిక్షణ, పరిచయాలు ఇచ్చేది. మొదటిదాంట్లో ఎంత బాగా రాసినా అక్కకి రాదు, రాయడమే దండగ. రెండో రకంలో, వయసు పరిమితి లేనిది, దేశంలోనే ఒకటి దొరికింది. పేరు రాయను. గడువుకి ఇరవై రోజులుంది.

మొదటి ప్రయత్నం

ఇక్కడ నా ఆలోచన ఎలా సాగిందో రాస్తాను, ఎందుకంటే అప్పుడు అది చాలా సబబుగానే అనిపించింది. ఫారం ఇంగ్లీషులో. అక్కకి ఇంగ్లీషు రాదు. టైం తక్కువ. వందల అప్లికేషన్లలో మనది నిలబడాలంటే బాగా చదువుకున్నవాళ్లు రాసినట్టుండాలి. కాబట్టి నేను రెండు పూటలు అక్కతో మాట్లాడి, మిగతాది నాకొచ్చిన ఎన్జీవో ఇంగ్లీషులో రాసేశాను. పేదరికపు విషవలయం, సమగ్రాభివృద్ధి, భాగస్వామ్యం, ఇలాంటివన్నీ దట్టించాను. గుంటూరు జిల్లా జనాభా 48.87 లక్షలు అని 2011 జనగణన నుంచి ఒక అంకె పెట్టాను, బరువుగా ఉంటుందని. 2022 ఏప్రిల్ 4న జిల్లా మూడు ముక్కలయిందని, పల్నాడు, బాపట్ల విడిపోయాక కొత్త గుంటూరు జిల్లాకి ఆ అంకెలో సగం కూడా మిగల్లేదని నాకు తెలియక కాదు, అలవాటుగా పాత ఫైలు నుంచి కాపీ కొట్టాను.

ఒక పాప ఫోటో కూడా పెట్టాను. ఎర్రటి కాయల గుట్ట ముందు, మొహం స్పష్టంగా కనిపించేలా, కింద "బాల కార్మికురాలి నుంచి విద్యార్థినిగా" అని. అంతకన్నా సిగ్గుపడే పని ఈ మధ్య చేయలేదు.

షార్ట్‌లిస్ట్ అయింది. నేను పొంగిపోయాను. ఇంటర్వ్యూ జూమ్‌లో, మా ఇంట్లో నా ల్యాప్‌టాప్ ముందు. వాళ్లు ఇంగ్లీషులో అడిగితే ఒకాయన తెలుగులోకి మార్చి చెబుతున్నారు. మూడో ప్రశ్న: "పేదరికపు విషవలయాన్ని ఛేదించానని రాశారు. ఎలా ఛేదించారో చెప్తారా?"

అక్క నా వైపు చూసింది. "విషవలయమా?" అని మెల్లగా నన్నే అడిగింది. నేను కెమెరాకి కనిపించకుండా చేతులతో ఏవో సైగలు చేశాను. కాసేపాగి అక్క స్క్రీన్ వైపు తిరిగి, "అది మేడం గారు రాశారండీ" అంది.

రాలేదు. వచ్చే ఏడాది మళ్లీ ప్రయత్నించవచ్చని మాత్రం మర్యాదగా రాశారు.

పనిచేయనివి

మొదట నాకు తట్టింది, సమస్య ఇంటర్వ్యూలోనే అని. అందుకని ప్రశ్నలు, జవాబులు తెలుగులో రాసి అక్క చేత వల్లె వేయించాలని చూశాను. రెండో రోజే మానేశాం. జవాబు గుర్తుంచుకోవడంలో పడి ప్రశ్న వినడం మానేస్తోంది. ఇంట్లో నేనడిగితేనే తడబడే మనిషిని బయటివాళ్ల ముందు కూర్చోబెడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

తర్వాత ఒక పెద్దమనిషి సలహా, ముందు సొసైటీ రిజిస్టర్ చేయించమని. మన రాష్ట్రంలో 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురుంటే చేయించుకోవచ్చు, పెద్ద కష్టమేం కాదు. కానీ నేను వద్దన్నాను. ఆ ఫెలోషిప్ మనిషికిచ్చేది, సంస్థకి కాదు. రిజిస్టర్ చేస్తే ప్రతి ఏడాదీ లెక్కలు, సభ్యుల జాబితా, మీటింగ్ మినిట్స్. తొడిమలు తీసే ఏడుగురు ఆడవాళ్లు ఆ కాగితాలు ఎవరి చేత రాయించుకుంటారు? మళ్లీ నా చేతే. గదికి అవసరమైన రోజు చేద్దాం, ఫారంలో ఒక గడి కోసం వద్దు అనుకున్నాం. కొందరు దీనితో ఒప్పుకోరు, నాకు తెలుసు.

మూడోది, "నువ్వే రాయి అక్కా, నీ మాటల్లో" అని తెల్లకాగితం ఇచ్చాను. నాలుగు రోజుల తర్వాత తెచ్చింది. "గౌరవనీయులైన ఫెలోషిప్ అధికారి గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా" అని మొదలై, "తమరు దయతలచి" అని ముగిసింది. మధ్యలో అక్క లేదు. కాగితం మీద కలం పెట్టగానే మనం మండలాఫీసులో నిలబడ్డ మనుషులమైపోతాం. తప్పు ఆమెది కాదు. మనకి బడిలో నేర్పిన ఉత్తరం అదొక్కటే. ఆలోచిస్తే నేను చేసిందీ అదే, కాకపోతే నాది ఇంగ్లీషు మండలాఫీసు.

పనిచేసింది

2024 సెప్టెంబరులో మళ్లీ మొదలుపెట్టినప్పుడు నేను ఫారం తెరవలేదు. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, గదిలో పిల్లలు వెళ్లిపోయాక, అక్క గిన్నెలు సర్దుకుంటుంటే పక్కన కూర్చున్నాను. మీ నాయకత్వం గురించి చెప్పండి అని అడిగితే ఎవరికైనా నోరు పడిపోతుంది. అందుకని "ఆ గిన్నె మొదటి రోజు ఎందుకు పెట్టావు?" అని అడిగాను. నలభై నిమిషాలు ఆగకుండా చెప్పింది. రెండోసారి "ఈ ఆరేళ్లలో ఎవరిని కాదన్నావు?" అని అడిగాను. ఆ ప్రశ్న నాకెక్కడిదో గుర్తులేదు, కానీ ఇప్పుడు అందరినీ అడుగుతున్నాను. ఏం చేశావంటే అందరూ చేసేవే చెబుతారు. ఎవర్ని కాదన్నావంటే అసలు మనిషి బయటికొస్తుంది.

ఆ రెండో రికార్డింగ్‌లోనే అమ్మఒడి సంగతి వచ్చింది, బడికెళ్లే పిల్లల తల్లులకి ప్రభుత్వం ఏటా డబ్బులిచ్చిన పథకం. పథకం వచ్చాక తల్లులు హాజరు గురించి భయపడ్డారు, 75 శాతం లేకపోతే 15 వేలు రావని. అక్క దాన్ని వాడుకుంది. పలక మీద ఒకవైపు పిల్ల గిల్లే కాయలతో సీజన్‌కి ఎంత కలిసొస్తుందో, ఇంకోవైపు 15 వేలు వేసి చూపించేది. బాగానే పనిచేసింది. కానీ పద్దు పుస్తకంలో ఒక వింత కనిపించింది. ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇళ్లలో ఒకరికి వరసగా "బ", ఇంకొకరికి వరసగా "యా". అమ్మఒడి తల్లికి ఏడాదికి ఒక్కసారే, ఎంతమంది పిల్లలున్నా. కాబట్టి ఒక్క పిల్లాడి హాజరు కాపాడుకుంటే చాలు, రెండోవాడు గంప దగ్గరికి. చాలా ఇళ్లలో ఆ రెండోవాడు ఆడపిల్ల. "నా పలక లెక్కే వాళ్లకి దారి చూపించింది అమ్మాయ్" అంది అక్క. మేడం పోయి అమ్మాయ్ అయింది ఆ రోజే.

నేను రికార్డర్ ఆపేసి కాసేపు కూర్చుండిపోయాను. కాగితం మీద పనికొచ్చే విశ్లేషణ ఇది, గోతాల గదిలో, ఒక ఎర్ర అట్ట పుస్తకంలో, అక్షరాల్లో. దీన్ని పక్కన పెట్టి నేను 48.87 లక్షలు రాశాను.

తర్వాత వచ్చింది కష్టమైన భాగం. 2023 సీజన్‌లో అక్క కొందరు తల్లులతో ఒక ఒప్పందానికి వచ్చింది. పని బాగా ఉండే మూడు వారాలు, పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు బడి అయ్యాక సాయంత్రం రెండు గంటలు తల్లి దగ్గర కూర్చోవచ్చు. దానికి బదులు మిగతా సీజన్ మొత్తం ఒక్కరోజు కూడా బడి మానిపించకూడదు. తల్లులు మాట నిలబెట్టుకున్నారు, నలుగురు తప్ప.

ఇది రాయాలా వద్దా? నా మొదటి మాట వద్దనే. బాల కార్మిక చట్టం స్పష్టంగా ఉంది. 2016 సవరణ తర్వాత పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదు. బడి వేళలు కానప్పుడు సొంత కుటుంబ పనిలో సాయానికి మినహాయింపు ఉంది గానీ, పరాయి షెడ్డులో తొడిమలు గిల్లడం అందులోకి రాదు. అంటే అక్క చట్టానికి ఒప్పని దానికి తలూపింది. అది చదివినవాళ్లు అప్లికేషన్ పక్కన పడేయొచ్చు. అంతకన్నా పెద్ద భయం, ఎవరైనా ఫిర్యాదు చేస్తే దెబ్బ ముందు తల్లుల మీద పడుతుంది, ఆ తర్వాత గది పోతుంది. మేస్త్రికి ఏం కాదు.

అక్క మాట వేరు. "అది చెప్పకపోతే మిగతాదంతా అబద్ధం అవుద్ది. అడిగితే దాచలేను, నా మొహం చూస్తే తెలిసిపోద్ది." మొదటి ఇంటర్వ్యూ చూసినవాళ్లకి ఆ మాట అబద్ధం కాదని తెలుసు. చివరికి రాశాం, కానీ మూడు పనులు చేశాక. ఊరు, షెడ్డు, కోల్డ్ స్టోరేజీ పోల్చుకోగలిగే ప్రతి మాటా తీసేశాం. ఫెలోషిప్ ఆఫీసుకి ఫోన్ చేసి, పేర్లు లేకుండా, ఇలాంటి విషయం రాస్తే మీరేం చేస్తారని ముందే అడిగాం, పిల్లల రక్షణ విషయంలో వాళ్ల నియమం ఏమిటో తెలుసుకున్నాం. మూడోది, ఆ ఒప్పందాన్ని ఘనకార్యంలా కాకుండా, ఇంకా తేలని ముడిలా రాశాం.

ఆ ముడి నుంచే ప్రాజెక్టు పుట్టింది, విడిగా ఆలోచించాల్సిన పని పడలేదు. ఆ మూడు వారాలు పిల్ల చేతులు ఎందుకు కావాలి? తల్లి సీజన్‌కి ముందే మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుంది కాబట్టి. అడ్వాన్సు ఎందుకు? నవంబరు, డిసెంబరుల్లో ఊళ్లో చేతిలో డబ్బులుండవు కాబట్టి. ఊళ్లో డ్వాక్రా గ్రూపులో అప్పు దొరకదా? దొరుకుతుంది, కానీ సీజన్‌కి ఊరు వదిలే మనిషికి వాయిదా కట్టదన్న భయంతో గ్రూపు ఇవ్వదు. గుంటూరు గ్రూపులో ఆమె సభ్యురాలు కాదు. అక్క ఆలోచన, నవంబరులోనే ఆ ఊళ్లకి వెళ్లి, పదేళ్లు దాటిన పిల్లలున్న పది కుటుంబాలకి గ్రూపు నుంచి అప్పు ఇప్పించి, గుంటూరులో వాయిదా వసూలు చేసి పంపే పూచీ తాను తీసుకోవడం. ఫెలోషిప్ డబ్బు బస్సు ఛార్జీలకి, అక్క ఊళ్లో లేనప్పుడు గది చూసే ఇద్దరు ఇంటర్ చదివే ఆడపిల్లలకి, నూనెకి. నూనెకి అని విడిగా ఒక వరస రాయించింది.

ఫోటోల విషయం త్వరగా తేలింది. ఒక్కటీ పెట్టలేదు, గుమ్మం దగ్గర గిన్నె ఫోటో తప్ప. బాల కార్మిక చట్టానికి విరుద్ధంగా పనిచేస్తూ కనిపించిన పిల్లలు 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం రక్షణ అవసరమైన పిల్లల కిందికి వస్తారు, వాళ్లని గుర్తుపట్టేలా ప్రచురించడం సెక్షన్ 74 ఒప్పుకోదు. పైగా ఫారం చివర చిన్న అక్షరాల్లో, పంపిన ఫోటోలు మా ప్రచారానికి వాడుకోవచ్చు అని ఉంది. మొదటిసారి నేనది చదవకుండానే టిక్కు పెట్టాను. వెంటనే వాళ్లకి రాసి ఆ పాప ఫోటో తీసేయించాను, తీసేశామని జవాబు కూడా తెప్పించుకున్నాను.

సిఫార్సు చేసేవాళ్లుగా నేను కార్పొరేటర్ పేరు చెప్పాను. అక్క ఒక తల్లి పేరు చెప్పింది. ఆమెకి ఈమెయిల్ లేదు, చదువు లేదు. అడిగితే ఫోన్‌లో మాట్లాడతామన్నారు. ఆమె వాళ్లతో ఏం చెప్పిందో మాకు తెలియదు. "తిట్టిద్దండీ, కానీ వదలదు" అన్నానని మాత్రం తర్వాత నవ్వుతూ చెప్పింది.

రాయడం ఎలా జరిగిందంటే, నాలుగు రికార్డింగులూ ఉన్నదున్నట్టు తెలుగులో రాసుకున్నాను, అందులోంచి అక్కే ఎంచింది, నేను పొట్టి వాక్యాల్లో ఇంగ్లీషు చేసి, ఒక్కో వాక్యం మళ్లీ తెలుగులో చెప్పి వినిపించాను. "ఇది నేననలేదు" అన్న ప్రతి చోటా కొట్టేశాను. ఇంటర్వ్యూ మొత్తం తెలుగులో కావాలని, మార్చి చెప్పే మనిషికి గంప, తాలు, తొడిమ లాంటి మాటలు ముందే తెలిసి ఉండాలని ఫారంతో పాటే రాశాం. నన్ను గదిలో ఉండొద్దంది. తలుపు బయట వరండాలో కూర్చున్నాను.

అందరూ భయపడ్డ ప్రశ్నే వచ్చింది: పన్నెండేళ్ల పిల్లల్ని పని దగ్గర కూర్చోనిచ్చారు కదా?

"కూర్చోనిచ్చానండీ. మూడు వారాలు. కాదంటే మూడు నెలలూ పోయేవాళ్లు. అది సరైంది కాదని నాకూ తెలుసు, ఆ మూడు వారాలు ఎట్టా తీసెయ్యాలో తెలియకే మీ దగ్గరకొచ్చా."

ఆ తర్వాత నాకు సరిగా వినపడలేదు, కింద ఎవడో పాత సామాన్లు కొంటానని మైకులో అరుస్తున్నాడు. 2025 జనవరిలో ఎంపికైనట్టు మెయిల్ వచ్చింది.

నేను మార్చుకున్నవి

అర్హత పేజీని ఇప్పుడు వచ్చినవాళ్ల చేత పైకి చదివిస్తాను, లేదా నేనే తెలుగులో చదువుతాను, ఫారం తెరవకముందే. మిసిసిపి కథ నవ్వుకోవడానికి బాగుంటుంది గానీ, మూడు వారాలు ఒక కుర్రాడివి పోయాయి. జిల్లా అంకెలు వాడాల్సి వస్తే 2022కి ముందువా తర్వాతవా అని చూస్తాను, నిజానికి ఇప్పుడు చాలావరకు వాడటమే మానేశాను. గదిలో ఉన్న ముప్ఫై మంది పిల్లల లెక్క ఉన్నప్పుడు జిల్లా లెక్క ఎవరి కోసం?

గొంతు విషయంలో మాత్రం తేలిగ్గా చెప్పలేను. బాగా రాసిపెట్టడం సాయమే అనుకునేదాన్ని. ఇంటర్వ్యూలో ఆ మాటలకి జవాబు చెప్పాల్సింది నేను కాదని అప్పుడు తట్టలేదు. అయితే నేను రాసిన విషవలయం అప్లికేషనే మొదటిసారి షార్ట్‌లిస్ట్ అయింది, అదీ నిజమే. మండలాఫీసు ఉత్తరం పంపి ఉంటే అక్కడిదాకా కూడా వచ్చేది కాదేమో. కాబట్టి భాష మెరుగుపెట్టడం తప్పని అనను. మనిషి పోల్చుకోలేనంతగా మెరుగుపెట్టడం గురించే నా బెంగ. ఎక్కడ ఆగాలో నాకిప్పటికీ ఒక్కోసారి తెలియదు, అందుకే ఆ "ఇది నేననలేదు" పద్ధతి.

దాచాలా చెప్పాలా అన్న చోట కూడా అందరికీ ఒకటే జవాబు చెప్పను. అక్క చెప్పగలిగింది, ఎందుకంటే చెప్పినందువల్ల నష్టపోయే తల్లులతో ముందే కూర్చుని మాట్లాడింది, వాళ్లు సరేనన్నాకే రాయమంది. ఆ మాటలు జరగని ఇంకో కేసులో, పోయిన డిసెంబరులో, ఇలాంటి విషయాన్నే నేను రాయనివ్వలేదు.

తర్వాత

మొదటి రెసిడెన్షియల్ శిక్షణ ఫిబ్రవరిలో పడింది, తొమ్మిది రోజులు, సరిగ్గా సీజన్ నడుమ. తేదీ మార్చమని రాశాం, కుదరదన్నారు. అక్క వెళ్లింది. ఆ ఇద్దరు ఆడపిల్లలు గది నడిపారు, తొమ్మిదింట్లో రెండు రోజులు తాళం తీయలేదు, ఒకరికి పరీక్ష, ఇంకొకరికి జ్వరం. పుస్తకంలో ఆ రెండు రోజులకీ తేదీలు వేసి, ఎదురుగా ఏమీ రాయకుండా వదిలేశారు. అక్క తిరిగొచ్చి చూసి ఏమీ అనలేదట.

ఆ సీజన్‌కి ఊళ్లకి వెళ్లడానికి టైం దాటిపోయింది. నవంబరులో మొదలుపెట్టి ఆరు కుటుంబాలకే కుదిరింది, పదికి కాదు. ఒక గ్రూపు వాళ్లు మొహం మీదే వద్దన్నారు.

ఈలోగా 2025 జూన్‌లో, అమ్మఒడి స్థానంలో వచ్చిన తల్లికి వందనం డబ్బులు పడ్డాయి, ఈసారి ఇంట్లో బడికెళ్లే పిల్లలందరికీ లెక్కగట్టి, ఒక్కొక్కరికి బడి నిర్వహణకి పోగా 13 వేల చొప్పున. అక్క పలక మీద కొత్త లెక్క వేసింది. రెండో పిల్లకి కూడా డబ్బుంది కాబట్టి ఆ వరస "యా"లు ఈ సీజన్‌లో తగ్గాలి. తగ్గకపోతే కారణం డబ్బు కాదు, ఆడపిల్ల కావడం. "అది వేరే పని అమ్మాయ్, దానికి అప్పులు ఇప్పిస్తే సరిపోదు" అంది. కొత్త పుస్తకం కొంది, అట్ట ఈసారి నీలం, ఎర్రది దొరకలేదట. అందులో ఆడపిల్లల పేర్లు ఒక పేజీలో, మగపిల్లలవి ఇంకో పేజీలో విడిగా గీతలు గీసి ఉంచింది.